బూడిద రంగు రాయి

కువైట్‌లో, బ్నీద్ అల్ గార్‌లోని మా గదిలో ఎవరైనా వేడినీళ్ళలో చింతపండు పిసికితే చాలు, ఆ పులుపు వాసనకి రమణమ్మక్క గుర్తొస్తుంది. జహ్రాలో ఒక ఇంట్లో తను వంటమనిషి, నేను కొత్తగా చేరిన పనిమనిషిని. ఈరోజు నలుగురిని కూర్చోబెట్టి కథలు అల్లుతున్నానంటే ఆ విద్య అక్క నేర్పిందే. అందుకే ఇందులో నేను చూసిందెంతో, అక్క చెప్పిందెంతో నాకే తెలియదు.

ఆ ఇంటి యజమానురాలిని అక్కడి పద్ధతిలో ‘మామా’ (అమ్మా) అని పిలిచేవాళ్ళం; ఆవిడ దగ్గర పాతకాలపు వెండి బ్రోచ్ ఉండేది. చనిపోయిన భర్త చదువుకునే రోజుల్లో స్కాట్లాండ్ నుంచి తెచ్చాడట. గుండ్రటి చట్రంలో ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల అకీకు రాళ్ళు, పలచగా కోసి పొదిగినవి. రాళ్ళు తొమ్మిదని చెబుతుంటాను. ఊపు మీదుంటే పన్నెండవుతాయి.

బంధువుల పెళ్ళికి పెట్టుకోవాలి, శుభ్రం చేయమంది మామా. ఊళ్ళో వెండి పట్టీలు తోమినట్టే అక్క దాన్ని వేడి చింతపండు నీళ్ళలో వేసింది. రాళ్ళను పట్టి ఉంచింది లక్క అని మాకేం తెలుసు? అది మెత్తబడి రాళ్ళన్నీ గిన్నె అడుగుకు చేరాయి.

చాలా ఏళ్ళ తర్వాత అక్క వచ్చే వారం ఇంటికి వెళ్ళాలి. రాళ్ళు మార్చేసిందని మామా అనుమానిస్తే ప్రయాణం ఖలాస్.

“ఊడిపోలేదు మే, నీళ్ళు పోసుకునేదానికి దిగినాయి,” అంది అక్క.

తిరిగి పెట్టబోతే అన్నీ ఒకే కొలత. ఏది ఎక్కడిదో ఇద్దరికీ తోచలేదు. చివరికి అక్క రాళ్ళన్నీ పళ్ళెంలో పోసుకుని మామా ముందుకే నడిచింది.

“మామా, ఇన్నేండ్లు ఒకే తావున కూర్చోని వీటికి కాళ్ళు తిమ్మిరెక్కినాయి. ఎవుర్ని యాడ కూర్చోబెట్టాల్నో నువ్వే చెప్పు.”

మామా ముఖం కందగడ్డయింది. కానీ రాళ్ళు అమర్చబోయి ఆగిపోయింది. ఆవిడకీ గుర్తులేదు! “పైన ఎర్రదా? ఆకుపచ్చదా?” అంటూ ఏడుపు ముఖంతో మావైపు చూసింది.

“బూడిదది, మామా. దినామూ చూస్తాంటి గదా,” అంది అక్క, తడుముకోకుండా.

“అవును, అవును!” మామా కళ్ళు తుడుచుకుంది. సూక్ బజారులో వెండిపని చేసే అతను అలాగే అతికించాడు. అక్క సెలవు దక్కింది.

వెళ్ళేరోజు అడిగాను. “నిజంగా నీకు గుర్తుండిందా అక్కా?”

“మామాకి గుర్తొచ్చింది గదా. యల్లా, సంచి పట్టు.”

అక్క మళ్ళీ రాలేదు. కొన్నేళ్ళకు మామా చనిపోయింది. మొన్న ఆవిడ కూతురు నా ఫోన్‌కి ఒక పాత ఫోటో పంపింది: వయసులో ఉన్న మామా, భుజం కింద ఆ బ్రోచ్. వేళ్ళతో పెద్దది చేసి చూశాను. సరిగ్గా పై రాయి మీదే ముసుగు అంచు పడింది.

‘అక్కడ ఏ రాయి ఉండేదో నీకు గుర్తుందా?’ అని కూతురు అడిగింది.

‘బూడిదది. రోజూ చూసేదాన్ని కదా,’ అన్నాను, తడుముకోకుండా.