చేతిలో ఉన్నది కింద పెట్టి

అఫెమాయి భాషలో పలకరించే ముందు షహర్ బాను చేతిలో ఉన్నది కింద పెడుతుంది. పాల చెంబైనా, చీపురైనా. ఖాళీ చేతులు కొంగుకు తుడుచుకుని, అప్పుడు నోరు విప్పుతుంది.

అది నైజీరియాలో అలియు వాళ్ల ఊరి భాష. శామీర్‌పేటలో ఆమె ఇంటి వెనక గదిలో అద్దెకుండి ఆ అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆమెకు భర్త లేడు. రెండు బర్రెలు, ఆ గది, అంతే.

2012లో వచ్చిన కొత్తలో అలియు గల్లీలో కనిపించిన ప్రతి పెద్దమనిషికీ కాస్త వంగి ఏదో అనేవాడు. ఎవరూ పలికేవారు కాదు. వాళ్ల దగ్గర పెద్దలు బదులివ్వకుండా పోరని తెలిసి ఆమె ఆ మాటలు నేర్చుకుంది.

"మల్లోపారి చెప్పు బేటా. నాలుక తిరుగుతలేదు."

"అమ్మీ, మీరు పలికితే కొట్లాట లెక్కుంది," అని నవ్వేవాడు.

నిద్ర పట్టిందా, తిన్నావా, ఇంట్లో అందరూ బాగున్నారా. అడగడం వచ్చింది. జవాబు మాత్రం ఒక్కటే వచ్చింది: బాగున్నాం. ప్రతి శుక్రవారం పొద్దున అలియు తల్లి ఆమె ఫోనుకే చేసేది. ఆ నాలుగు మాటలే ఇద్దరి మధ్య.

2014 ఎండాకాలంలో ఒక సాయంత్రం లక్ష్మణ్ పటేల్ గల్లీవాళ్లతో వచ్చాడు. గల్లీకి నీళ్లు ఆయన బోరువే.

"బానక్కా, వాన్ని ఎల్లగొడ్తవా, నీళ్లు బంద్ జేయాల్నా?"

"పొల్లగాడు ఏం జేసిండు పటేలా?"

"ఏం జేస్తడో ఎవలకెరుక! నా ప్లాట్లు జూడొచ్చినోళ్లు వాన్ని జూసి ఎనక్కి వోతున్నరు. నీకు వాని భాషెందుకే, నికా జేస్కుంటవా ఏంది?"

గల్లీ నవ్వింది. ఆమె లోపలికెళ్లి అందరికీ చాయ్ తెచ్చింది.

అప్పుడే అలియు కాలేజీ నుంచి వచ్చాడు. అందరి ముందు వంగి ఆమెను పలకరించాడు. చాయ్ పళ్లెం ఆమె చేతుల్లో ఉంది. పక్కనే అరుగు. ఆమె పళ్లెం దించలేదు.

"ఇగ ఏరే రూము జూస్కో బేటా," అంది తెలుగులో.

అతను నడుము నిటారు చేసుకున్నాడు. చీకటి పడకముందే పెట్టెతో వెళ్లిపోయాడు. ఎక్కడికని ఆమె అడగలేదు.

మరునాడు శుక్రవారం. నల్లాలో నీళ్లొచ్చాయి. బిందె ఎత్తుకుంటుండగా ఫోను మోగింది. ఆమె బిందె కింద పెట్టింది. చేతులు తుడుచుకుంది. అవతల అలియు తల్లి. నిద్ర పట్టిందా. తిన్నావా. అబ్బాయి బాగున్నాడా.

షహర్ బాను తనకు వచ్చిన జవాబు చెప్పింది. ఈసారి నాలుక తిరిగింది. తర్వాత బిందె ఎత్తుకుంది.