కల్లం కోసిన ఉదయం

కొత్తగా పోసిన కాంక్రీటు తప్పక పగులుతుంది. ఎక్కడ పగలాలో మనం నిర్ణయించకపోతే అదే నిర్ణయించుకుంటుంది. పాలిటెక్నిక్‌లో ఉద్యోగ విరమణ వరకు నేను ఆ పాఠాన్ని ఈ మాటతోనే మొదలుపెట్టేదాన్ని. అద్దంకి దగ్గర మా చెల్లెలు మిరపకాయలు ఆరబెట్టడానికి కాంక్రీటు కల్లం పోయించుకున్న మర్నాటి ఉదయం, అదే మాట చెప్పడానికి అక్కడికి వెళ్ళాను.

మట్టి కల్లమే మేలని మరిది వాదన. నిరుడు అకాల వర్షానికి కాయంతా బురదలో నాని బూజు పట్టాక, చెల్లెలు ఆ వాదన వినడం మానేసి కాంక్రీటు పోయించింది. అది అడ్డదిడ్డంగా బీటలు వారితే, కింది చెమ్మ పైకి వచ్చి కాయ మళ్ళీ పాడవుతుంది. ఆ ఇంట్లో ఆమె మాట ఇక చెల్లదు. అందుకే ఎండ ముదిరేలోగా కల్లాన్ని గళ్ళుగా కోయాలి. అప్పుడు పగులు ఆ కోసిన గాడి అడుగునే వస్తుంది. ఈ సంగతి అందరికీ వివరంగా చెప్పాను. విన్నవాళ్ళకు కోయడం మాత్రమే గుర్తుంది.

కోత యంత్రాన్ని ట్రాలీలో వేసుకుని ఆపరేటరు వేళకే వచ్చాడు. మర్యాదస్థుడు. కాళ్ళకు మాత్రం హవాయి చెప్పులు.

"బూట్లేవి?" అన్నాను.

"ఇంటి దగ్గరున్నాయి మేడం గారూ. ఏళ్ళ తరబడి ఇట్టాగే కోస్తున్నా. కాలి వేళ్ళన్నీ ఉన్నాయి, కావాలంటే లెక్కపెట్టుకోండి."

"లెక్క సరిగ్గా ఉన్నప్పుడే ఆపేద్దాం."

అతను ఇంటికి వెళ్ళి వచ్చేసరికి ఎండ నెత్తి మీదికి వస్తుంది. అక్కడ ఇనుప ముక్కు బూట్లు ఉన్నది నాకొక్కదానికే; అవి అతని పాదానికి సగం వరకే పట్టాయి. అందుచేత యంత్రం నా చేతికి వచ్చింది. అందుకు నేను విచారించానంటే అది అబద్ధం.

తిరిగే బ్లేడు దగ్గరకు చీర కొంగు పోకూడదు గనుక మరిది ప్యాంటు, చొక్కా తెప్పించుకుని, నడుముకు తాడు బిగించాను. చెల్లెలు తలుపు చాటున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నాన్న ఉంటే ఏమనేవారో అక్కా."

"బెల్టు ఇచ్చేవారు."

కళ్ళద్దాలు, చెవులకు మూతలు, మాస్కు తగిలించుకున్నాను. బ్లేడు వరుసలో ముందుగాని వెనకగాని ఎవరూ నిలబడరాదని ఆదేశించి, అందరికీ మాస్కులు పంచాను.

"కోసేది మీరు గదా వదినా, మాకెందుకు?" అంటూ మరిది తన మాస్కును జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన ఇద్దరూ ఆయన్నే అనుసరించారు.

ఇంజను తాడు లాగాను. మొదట దగ్గింది, తరువాత అందుకుంది. బ్లేడు మీద నీటి ధార సరిగా పడుతోందని చూసుకుని, పూర్తి వేగం వచ్చాక మెల్లగా దించాను. యంత్రాన్ని నెట్టకూడదు. గాడిలో ఉన్న బ్లేడును పక్కకు తిప్పకూడదు. మెలిపడితే ముక్కలై ఎగురుతుంది. ఇవన్నీ నేను బోధించినవే. అయితే ఇంత పొడవైన గీతను స్వయంగా ఎన్నడూ నడపలేదు. అంత బరువైన యంత్రం ముందే గీసిన సుద్ద గీత మీద బుద్ధిగా నడుస్తుంటే, అరచేతుల నుంచి భుజాల దాకా సన్నని వణుకు పాకి ఒళ్ళు తేలిపోయింది. మాస్కు లోపల నేను కూనిరాగం తీస్తున్నానని సగం దూరం వెళ్ళాక గ్రహించాను.

కాంక్రీటు ఆరిపోకుండా రాత్రంతా తడి గోతాలు కప్పి ఉంచమని ముందురోజే ఫోనులో చెప్పింది నేనే. ఆ ఊళ్ళో గోతమంటే మిరప గోతమే. వాటి నేతలో నిరుటి గింజ, పొడి అలాగే ఉన్నాయి. అంచున వేసినవి తెల్లారేసరికి ఎండిపోయాయి. నేను రెండో గీత మీద ఉండగా మరిది వాటిని మడత పెట్టబోయి, పద్ధతిగా ఒకటొకటే దులిపాడు. గాలి మావైపే ఉంది.

ముందు ఆపరేటరు తుమ్మాడు. పక్కన నడుస్తూ దారి చూపిస్తున్న అతని చెయ్యి, ఎడమకు జరగమని చెబుతూనే తుమ్ముతో కుడికి ఎగిరింది. ఆ తరువాత మరిది, ఆ వెంటనే చెల్లెలు. చెవుల మూతల వల్ల నాకు చప్పుడు లేదు; ముగ్గురూ వంతులవారీగా వంగి లేవడం మాత్రం కనిపిస్తోంది. నాకు నవ్వు పొంగింది. చేతులు కదిలాయి. నవ్వే మనిషి యంత్రం పట్టుకోరాదు. బ్లేడును తిన్నగా పైకి లేపి, ఇంజను ఆపి, చెవుల మూతలు తీసి, కల్లం గట్టున కూర్చుని కళ్ళద్దాలు మసకబారేలా నవ్వాను.

"ఎండక్కా, ఎండ," అని చెల్లెలు తుమ్ముల మధ్య వేడుకుంది. మరిది జేబులు వెతుక్కుంటున్నాడు.

"మాస్కు మీ ప్యాంటులోనే ఉండాలి చూడండి," అన్నాడు ఆపరేటరు.

"ఆ ప్యాంటు వదిన వేసుకుంది గదయ్యా."

మళ్ళీ నవ్వాల్సి వచ్చింది. చివరకు మాస్కు ఆయన చొక్కా జేబులో దొరికింది. గోతాలను తడిపి దూరంగా వేయించాను. ఆగిన చోట బ్లేడును గాడికి సరిగ్గా నిలిపి, మిగిలిన గీతలన్నీ ఎండ ముదరకముందే ముగించాను.

కొన్నాళ్ళకు చెల్లెలు ఫోను చేసింది. గొంతు చాలా తగ్గించింది.

"అక్కా, పగిలింది. ఆయన ఇంకా చూడలేదు."

వెంటనే బస్సెక్కాను. ఆ చోట చాప కప్పి, దాని మీద పీట వేసుకుని కూర్చుని ఉంది. ఆమెను లేపి, చాప తీసి, బోర్లా పడుకుని టార్చి వేశాను. గాడి అడుగున వెంట్రుకంత పగులు, ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా సాగింది. పైన ఎక్కడా చార లేదు. చెల్లెలిని కూడా బోర్లా పడుకోబెట్టి చూపించాను. ఆమె భుజం నా భుజానికి తగిలి అదురుతోంది. ఏడుస్తోందనుకుని తిరిగి చూస్తే, నవ్వుతోంది.

"ఇద్దరూ అట్టా పడ్డారేంటి?" అంటూ మరిది వచ్చాడు.

"మీ ఆవిడ మాట నిలబడింది. వచ్చి చూడండి."

ఆయన కూడా పడుకున్నాడు. టార్చి తీసుకుని చాలాసేపు చూశాడు. తరువాత మోచేతుల మీద పక్క గీతకు పాకుతూ, "జరగవే, ఇది కూడా పగిలిందేమో చూద్దాం," అన్నాడు ఆశగా.