పుత్తూరు అరుగు మీద పాటల తగవు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో మనవడికీ మనవరాలికీ పాటల మీద తగవు వచ్చింది. ఎనభైల పాటలే పాటలని వాడు, తొంభైలు వచ్చాకే జనానికి పాట అంటే ఏమిటో తెలిసిందని అది, ఫ్యానూ లైటూ రెండూ వేసుకుని, చెరొక ఫోనులో చెరొక పాట పెట్టుకుని గొంతులు చించుకుంటున్నారు. పట్టపగలు లైటెందుకని ముందు దాన్ని ఆర్పేసినాను. అంతలో వాడు చెల్లెలి చెయ్యి పట్టుకుని, ఏదీ నీ పాట పాడు చూద్దాం అన్నాడు. "చెయ్యి వదలరా!" అని అరిచినాను. ఇద్దరూ బిత్తరపోయినారు. అవ్వకు పాటలు గిట్టవని, కరెంటు బిల్లు కోసమే కేకలేస్తుందని వాళ్ళు అనుకుంటారు. అనుకోనీ, బిల్లు సంగతీ నిజమే. కానీ పాటల మీద వాదన జరిగేచోట ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది.

అప్పటికి నాకు ఎనిమిదో తొమ్మిదో ఏండ్లు. రెండో తరగతితో బడి మానిపించి ఇంటి పనిలో పెట్టినారు. యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరక్క దీపం కూడా పొదుపుగా వెలిగించే కాలం. వడమాలపేట పక్కన మాకు కాస్త రాగి చేను, దానికొక బావి, బావి మీద కపిల. నా ఈడు వాళ్ళకు కపిల గురించి చెప్పే పని లేదు. ఇప్పటి పిల్లలకు చెబితే తప్ప తెలియదు. గిలక మీదుగా మోకు వేసి, దాని కొసన తోలు సంచి కట్టి, ఎద్దులను పల్లంలోకి తోలితే నీళ్ళు పైకి వస్తాయి. తోలే మనిషి తన బరువు కూడా కలిసిరావాలని ఆ మోకు మీదే కూర్చుని దిగుతాడు. నాయన అట్లా దిగుతూ నాటకాల పాటలు ఎత్తుకునేవాడు. గుడారాల్లో నాటకమంటే ఎంత దూరమైనా నడిచిపోయి చూసొచ్చిన మనిషి. ఎద్దులు పల్లంలో దిగినంతసేపూ రాగం సాగేది, అవి గట్టు తిరిగేసరికి పాట దిగేది. టాకీ పాటలంటే, అవే సినిమా పాటలంటే మాత్రం ఆయనకు మంట. మనిషి ఎదురుగా లేకుండా గుడ్డ మీద నీడ పాడితే అదేం పాట అనేవాడు.

ఒకనాడు ఆయన కూర్చున్న మోకే తెగింది. కింద రాళ్ళ మీద పడినాడు. కుడి చెయ్యి మణికట్టుకు పైన, ఉండకూడని చోట వంగి ఉండటం నేను చూసినాను. పెద్దాసుపత్రికి పోతే మోచేతి దాకా తీసేస్తారని ఊళ్ళో ఎవరో అన్నారు. నిజమో అబద్ధమో కానీ ఆ మాట మా అమ్మ చెవిన పడింది, నా చెవినా పడింది. ఆ చెయ్యి లేకుంటే కపిల లేదు, కపిల లేకుంటే చేను లేదు. అమ్మ ఒళ్ళో పసిబిడ్డ ఉంది. అందుకని పెదనాయన బండి కట్టినాడు, నాయనకు అన్నం తినిపించేదానికి నన్ను ఎక్కించినారు, పుత్తూరులో ఎముకలకు కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి బయలుదేరినాము.

కట్టుకు కావలసిన పాత చీర పీలికలూ కోడిగుడ్లూ ఇంటినుంచే తీసుకుపోయినాము. గుడ్ల బుట్ట నా ఒళ్ళో పెట్టినారు. ఒక్కటి పగిలినా నాయన చెయ్యి అతుక్కోదని నాకు నేనే అనుకుని, బండి గుంతలో పడినప్పుడల్లా బుట్టను కడుపుకు హత్తుకుని ఊపిరి బిగబట్టినాను. నాయన దారంతా ఒక్క పాట పాడలేదు. ఆయన పాడకుండా బండిలో కూర్చోవడం నేను అంతకుముందు ఎరగను. నొప్పితో మూలిగినా అంత భయమేసేది కాదేమో.

పుత్తూరులో ఆ ఇంటి అరుగు నిండా చేతులు విరిగినవాళ్ళూ కాళ్ళు విరిగినవాళ్ళూ. పెద్దాయన లావుపాటి మనిషి, చేతులు నూనెతో నిగనిగలాడుతున్నాయి. పెదనాయనను పక్కకు పిలిచి ఏదో అడిగినాడు. మావాడికి నాటకాల పాటల పిచ్చి అని పెదనాయన చెప్పడం మాత్రం నాకు వినబడింది. ఆ వేళలో ఆ ముచ్చట ఎందుకో నాకు అర్థం కాలేదు. పెద్దాయన వచ్చి నాయన ఎదుట కూర్చుని, విరిగిన చెయ్యి తన తొడ మీద పెట్టుకుని, నెమ్మదిగా నూనె రాస్తూ, "నాటకాల పాటలు ఇంకా ఎవురన్నా ఇంటారా అప్పా? టాకీలొచ్చినాక అవి పులిసిన సద్దికూడు కదా!" అన్నాడు.

నాయన ముఖం ఎర్రబడింది. "పెద్దాయనా, నువ్వు ఎముకల సంగతి సూడు. పాటల సంగతి నీకేం తెలుసు?" అన్నాడు.

మా ఇంటి గింజలన్నీ ఆ నూనె చేతుల్లో ఉంటే నాయన ఆయన్నే తూలనాడుతున్నాడు. ఈ మనిషికి కోపమొచ్చి పొమ్మంటే ఇంక ఆసుపత్రే, ఆసుపత్రి అంటే కత్తే. నాయన పంచె పట్టుకుని లాగినాను, "సాలు నాయనా, ఊరకుండు నాయనా" అని. వింటేనా? పైగా అరుగంతా రేగింది. కాలికి కట్టున్న పడుచువాడొకడు, ఈ నాలుగైదేండ్లలో వచ్చిన పాటల ముందు పాతవన్నీ దిగదుడుపే అన్నాడు. గోడకానుకున్న ముసలామె, "మూతి మీద మీసం రానోడివి, నువ్వేం ఇన్నావురా పాటలు!" అని వాణ్ణి దులిపేసింది. నొప్పులు మరచి అందరూ నవ్వుతున్నారు. నేనొక్కదాన్నే ఏడుపు ముఖంతో ఆ నూనె చేతుల వంకే చూస్తున్నాను. అవి నవ్వడం లేదు. ఒకటి మోచేతి కిందికి, ఒకటి మణికట్టు మీదికి మెల్లగా జరుగుతున్నాయి.

"ఏదీ, పాడు సూద్దాం. ఆ పైకెక్కే కాడ నీ గొంతు పలుకుతాదా?" అన్నాడు పెద్దాయన.

నాయన పట్టుదల కొద్దీ ఎత్తుకున్నాడు. కళ్ళు మూసుకుని, చేనూ చెయ్యీ అన్నీ మరచి, రాగాన్ని మెట్టు మెట్టుగా పైకి తీసుకుపోయినాడు. అది కొస అందుకునేసరికి టక్కుమని ఒక చప్పుడు, రాగం రాగమే అరుపైపోయింది. ఎక్కడ పాట ఆగిందో ఎక్కడ అరుపు మొదలైందో నాకు తెలియలేదు. నాయన చచ్చిపోయినాడనే అనుకున్నాను. నేను కళ్ళు తెరిచేసరికి ఆయన చెమటలు కారుస్తూ ఊపిరి పీలుస్తున్నాడు, చెయ్యి తిన్నగా ఉంది, నా బుట్టలోంచి గుడ్ల సొన పావడ మీదికి కారుతోంది. "ఏడవొద్దు పాపా, ఎట్లా అయినా పగలగొట్టాల్సిందే కదా" అని పెద్దాయన ఆ సొననే ఆకుపసరులో కలిపి, వెదురు దబ్బలు పెట్టి కట్టేసినాడు.

కట్టు మార్చేదానికి మళ్ళీ పోయినప్పుడు అరుగు మీద భుజం జారిన వ్యాపారి ఒకాయన ఉన్నాడు. టాకీ పాటలంటే ప్రాణమట. పెద్దాయన ఆయన చేతికి నూనె రాస్తూ, "టాకీలవి పాటలా అప్పా? నాటకాలతోనే పాట సచ్చిపోయింది" అన్నాడు. నాయన నా డొక్కలో పొడిచి, "సూసినావా, నా మాటకే వచ్చినాడు!" అని మురిసిపోయినాడు. నాకు మాత్రం ఆ తగవు ఎందుకో అప్పుడు తెలిసింది. వ్యాపారి పౌరుషంగా గొంతు సవరించుకుంటున్నాడు, నూనె చేతులు పైకి జరుగుతున్నాయి. చెప్పేస్తే ఆయన చెయ్యి బిగబట్టుకుంటాడు, భుజం ఎక్కదు. చెప్పకుంటే ఆ అరుపు. నేను రెండు చెవులూ మూసుకుని గోడవైపు తిరిగినాను. మూసుకున్నా వినబడింది.

నాయన చెయ్యి కొంచెం వంకరగానే అయినా అతుక్కుంది. కపిల తోలినాడు, పాటలు పాడినాడు. పుత్తూరు పెద్దాయన్ను పాటల వాదనలో ఓడించినానని పోయేదాకా చెప్పుకున్నాడు. నేను కాదనలేదు. కానీ ఆనాడు అరుగు మీద ఎత్తుకున్న ఆ ఒక్క పాట మాత్రం ఆయన మళ్ళీ ఎత్తుకోలేదు, ఎందుకని నేనూ అడగలేదు.

ఇప్పుడు కపిలలు పోయి మోటార్లు వచ్చినాయి. ఎముక విరిగితే సూది వేసి నిద్రపుచ్చుతారు, మంచిదే. పిల్లలు సోఫాలో కూర్చుని పదేండ్లకొక వాటాగా పాటలు పంచుకుని పోట్లాడుకుంటారు, అది కాసేపే, తరవాత ఎవరి చెవుల్లో వాళ్ళు తీగలు పెట్టుకుంటారు. ఏ కాలం పాటైనా ఆ ఫోనులో దొరుకుతుందంట. నాయన సగంలో వదిలిన పాట కూడా దొరుకుతుందేమో చూడమని మనవరాల్ని అడగాలని నోటిదాకా వస్తుంది. మొదటి చరణం నాకు ఇంకా గుర్తుంది. కానీ ఆ పైకెక్కే చోటు వస్తుంది కదా అని భయమేసి, ఫ్యాను ఆపి పోయి పడుకోండని కసురుతాను.