ఓటు లేని దేశంలో పసుపు చీర

మొన్న వనపర్తిలో బీపీ చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళి కూర్చుంటే, గోడమీది టీవీలో ఏదో దేశపు అధ్యక్ష ఎన్నికల లెక్కింపు వస్తోంది. ఆ జెండాలూ ఆ కేకలూ చూస్తుండగానే కుర్చీ తిప్పుకుని టీవీకి వీపు పెట్టి కూర్చున్నాను. ఎందుకో నా వయసు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు, నవ్వరు.

పెద్దమందడిలో కూలికి పోయే మా ఇళ్ళలోంచి మొదట నర్సు చదివినదాన్ని నేనే. పెళ్ళయిన కొత్తలో, సముద్రం మధ్య ఒక చిన్న దేశంలో ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం దొరికితే, మా ఆయనను ఊళ్ళోనే ఉంచి ఒక్కదాన్నే వెళ్ళాను. దిగిన రోజే మేనేజరు కొత్తగా వచ్చిన నర్సులందరి పాస్‌పోర్టులు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. మా నాన్న పోయినప్పుడు కూడా అది నా చేతికి రాలేదు. సమాధి దగ్గర పాడిన పాటలు ఫోన్లో విన్నాను.

ఆ మరుసటేడు అక్కడ ఎన్నికలు వచ్చాయి. పోటీలో ఉన్న ఒకాయన, ఒకప్పుడు బడిపంతులట, బయటినుంచి వచ్చినవాళ్ళ పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండాలన్నాడని విన్నప్పటినుంచి ఆయనే గెలవాలని రోజూ ప్రార్థించేదాన్ని. ఆయన జెండా పసుపు. మా అత్త పంపిన పసుపు గద్వాల చీర కట్టుకుని ఒక సాయంత్రం ఆయన సభ అంచున నిలబడ్డాను. పాస్‌పోర్టు మాట రాగానే నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టాను. ఎవరో ఫోటో తీశారు. తెల్లారేసరికి అది ఆసుపత్రిలో అందరి ఫోన్లలో ఉంది. బయటి దేశంవాళ్ళు అక్కడి రాజకీయాల్లో తలదూర్చకూడదని దిగిన రోజే మాకు చెప్పి ఉన్నారు.

మేనేజరు పిలిచి, ఇది నువ్వేనా అని మాత్రం అడిగి పంపేశాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజునుంచి వీధిలో బండి ఆగితే చాలు, దీపం ఆర్పి కూర్చునేదాన్ని. మా ఆయనకు ఫోన్ చేసి ఏడిస్తే ఆయనా భయపడి కసిరాడు.

“నీకాడ ఓటుందా? మరి నీకెందుకే ఆ లొల్లి? జైల్ల ఏస్తే నేనేడికని రావాలె? జర నోరు మూసుకొని ఉండు.”

ఆ బడిపంతులు ఓడిపోయాడు. ఫలితాలు వచ్చిన సాయంత్రం గెలిచినవాళ్ళు డప్పులతో మా సందులోకి వచ్చి, పసుపు చీర నర్సు ఏదని తలుపు కొట్టారు. నేను మంచం వెనక నేలమీద ముడుచుకుని, నోట్లో కొంగు కుక్కుకున్నాను. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు ముసలావిడ, గెలిచినవాళ్ళకే ఓటేసింది, నాతో ఆ విషయమై రెండుసార్లు పోట్లాడింది కూడా. ఆవిడ గడపమీద కూర్చుని, తమ భాష వచ్చీరాని నాకు కూడా అర్థమయ్యేంత నెమ్మదిగా అంది.

“అది నా బిడ్డ. వాళ్ళ ఊరి పండుగ బట్ట కట్టుకుంది. పోండి.”

పోయారు. నా ఒప్పందం ముగిసేదాకా అక్కడే పనిచేసి, పాస్‌పోర్టు తీసుకుని ఇంటికి వచ్చాను. ఆ ముసలావిడ ఇప్పుడు ఉందో లేదో తెలియదు.

ఇప్పుడు మా అత్తగారి ఊరు అమరచింతలో టీ కొట్టు దగ్గర కుర్రవాళ్ళు ఏ దేశపు అధ్యక్షుడి గురించైనా గట్టిగా వాదించుకుంటారు, ఎవరికి జై కొట్టాలన్నా ఫోన్లో కొట్టేస్తారు. వాళ్ళ గొంతుల్లో భయం లేనందుకు సంతోషమే. నేను మాత్రం, నా ఊళ్ళో, నా ఓటు నేనే వేసి వచ్చిన రోజున కూడా, ఎవరికి వేశావు వదినా అని సొంత ఆడబిడ్డ అడిగితే, ముందు లేచి వీధి తలుపు మూసి వస్తాను.