తొలి ముక్క అత్తది

మా మేనత్త పోయిందని కిందటి నెల ఆమె కూతురు భద్రాచలం దవాఖాన నుంచి ఫోన్ చేసి చెప్పింది. జ్వరమట. ఎండలు ముదిరే రోజుల్లో మా అడవి అంచు ఊళ్లలో జ్వరంతో పోవడం వింతేమీ కాదు కాబట్టి ఇంట్లో ఎవరూ మరో మాట అడగలేదు. నేను మాత్రం ఆమె చివరగా ఏ సంతకు వెళ్లి వచ్చి మంచమెక్కిందని అడిగాను. చావు కబురు విని ఎవరైనా అడిగే ప్రశ్న కాదది. ఎందుకు అడిగానో మీకు చెప్పాలి.

ఆమె మా నాన్నకు అక్క. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడిస్తే వచ్చే ఊళ్లో మా రెండిళ్లూ పక్కపక్కనే. పెరడు ఒక్కటే, పెత్తనం మాత్రం అత్తది. మనుషులను కసిరే నోటితోనే మొక్కలను బుజ్జగించేది. మీ అత్త మనతో మాట్లాడినంత కటువుగా వంకాయ మొక్కతో మాట్లాడితే అది ఆ రోజే ఎండిపోతుందని మా అమ్మ అంటూ ఉండేది. విత్తనాలను తడిగుడ్డలో మూటగట్టి, మొలక వచ్చేదాకా రొండిన దోపుకుని తిరిగేది. పెళ్లిళ్లకు కూడా అలాగే వచ్చేది. వియ్యపురాలు వచ్చి కౌగిలించుకోబోతే, విత్తనాలు నలుగుతాయని పక్కకు జరిగిందట.

పెరటి మూలన వెదురు బద్దలు వంచి, మీద తెల్ల ప్లాస్టిక్ కప్పి మామయ్య ఆమెకో గ్రీన్‌హౌస్ కట్టిచ్చాడు. మాఘమాసపు చలి తగలకుండా దాంట్లో నారు పెంచితే, ఉగాది నాటికే ఇంట్లో కొత్త కాయలు. లోపలికి వెళ్తే తడిమట్టి ఆవిరి ముఖానికి కొట్టేది. చెప్పులతో అడుగు పెడితే అత్త నోరు కొట్టేది.

ఒక విషయంలో మాత్రం ఆమె ఎవరినీ నమ్మేది కాదు. సొరకాయ ఎవరింట్లో కోసినా తొలి ముక్క పచ్చిగా తను కొరికి చూడాల్సిందే. దానికి కారణం దడికి అవతల ఉంది. అక్కడ ఉండే కోయ తాత నీళ్లకూ కల్లుకూ బుర్రలు చేసుకోవడానికి చేదు సొర పెంచేవాడు. ఆ కాయ తినేది కాదు, కడుపులోకి పోతే నెత్తురు కక్కిస్తుంది. కానీ ఆకు, పువ్వు అన్నీ మన సొర లాంటివే. అందుకే ఆ చేదు మన గింజలోకి దిగకుండా అత్త విత్తనానికి వదిలే తీగను ఆ దడికి దూరంగా, పెరటి అటు మూలన పాకించేది. గ్రీన్‌హౌస్ కట్టాక ఆ మూల పోయింది. చోటు లేక ఆ ఏడు విత్తనపు తీగ దడి మీదికి ఎక్కింది. కొత్త గ్రీన్‌హౌస్ సంబరంలో ఇందులో భయపడాల్సింది ఉందని ఎవరికీ తట్టలేదు, అత్తకు కూడా.

మరుసటి మాఘంలో గ్రీన్‌హౌస్ నిండా ఆ గింజల నారే. ఊళ్లో అడిగినవాళ్లందరికీ పంచింది. మిగిలిన మొక్కలు గంపకెత్తి చుట్టుపక్కల సంతల్లో ఇచ్చి వచ్చింది. ఉగాది రాకముందే పందిరి కాయలతో వంగిపోయింది. అంత నున్నటి, లేత కాయలు మా పెరట్లో అంతకుముందు నేను చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నునుపే నాకు భయం.

సరిగ్గా అప్పుడే అత్తకు మలేరియా పట్టింది. మాత్రలతో నోరంతా చేదైపోయింది. పురిటికి వచ్చిన అత్త కూతురు ఒక రోజు పాలు పోసి వండిన సొరకాయ కూర మీద మనసు పడింది. మా అమ్మ కాయ కోస్తుంటే అత్త గోడ పట్టుకుని వచ్చి ముక్క కొరికింది, చేదంది. జ్వరం నోటికి ఏదైనా చేదే, పోయి పడుకో వదినా అని అమ్మ నవ్వింది. అత్త చిటికెడు పంచదార నాలుక మీద వేసుకుంది. అదీ చేదేనని ఆమె మొహం చూస్తే తెలిసింది. మంచినీళ్లు తాగి చూసింది. తన నాలుకను తనే నమ్మలేక వెళ్లి పడుకుంది.

వండేటప్పుడు రుచి చూసి ఎంగిలి చేసే అలవాటు మా ఇంట్లో లేదు. కూర అయింది, అన్నంలో కలిసింది, కూతురు ముద్ద ఎత్తింది. అత్త ఎప్పుడు లేచి వచ్చిందో గాని కంచం ఎగిరి వాకిట్లో పడింది.

“తినకు బిడ్డా. నా నోరు అబద్ధం చెప్పినా సరే, నువ్వు తినకు” అంది.

కూతురు ఏడ్చింది. అమ్మకు కోపం వచ్చింది. తగవు తీర్చినట్టుంటుందని నేను గిన్నెలో వేలు ముంచి నాకాను. మాత్రల చేదు కాదది. నాలుక మొద్దుబారి, ఎన్నిసార్లు పుక్కిలించినా పోలేదు. అమ్మ గిన్నె నా ముందు నుంచి లాగేసింది. కేకలు విని వచ్చిన కోయ తాత ఒక ముక్క నమిలి ఉమ్మేశాడు.

“ఇది నా బుర్ర చేదే బిడ్డా. పొద్దుగూకినంక పూత మీద పురుగు వాలుతది. దానికి దడి ఏం తెలుస్తది” అన్నాడు.

ఆ రోజు చీకటి పడేలోగా అత్త ఊళ్లో ఉన్న సొర తీగలన్నీ పీకించింది, జ్వరంతోనే, ఇంటింటికీ తిరిగి. కాయలతో ఉన్న తీగను పీకమంటే ఎవరికి మనసొప్పుతుంది? తిట్టారు. పడింది. కానీ సంతల్లో మొక్కలు పట్టుకుపోయిన వాళ్లెవరో, ఏ ఊరి వాళ్లో ఆమెకు తెలియదు. జ్వరం తగ్గిన నాటి నుంచి చాకు సంచిలో వేసుకుని సంతలకు తిరగడం మొదలుపెట్టింది. సొరకాయ కనిపిస్తే ముక్క కోసి కొరికేది. బేరం చెడగొడుతోందని అమ్మేవాళ్లు తరిమేవారు. ఒక సంతలో ఎవరో, నది అవతల ఏదో గూడెంలో సొరకాయ తిని ఒకామె కక్కుకుని పోయిందని చెప్పుకుంటుంటే విన్నది. ఏ గూడెమని అడిగితే చెప్పగలిగినవాళ్లు లేరు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి గ్రీన్‌హౌస్‌లో కూర్చుంది. నేను వెళ్లి అన్నానికి పిలిచాను.

“పేరు గూడ తెల్వదు బిడ్డా” అంది. “నేను ఎవరి కోసమని ఏడ్వాలె?”

తర్వాత ఆ గ్రీన్‌హౌస్‌లో వంగ, టమాట, మిరప నారు పెంచిందే గాని సొర గింజ పెట్టలేదు. ఏటా మాఘం దాటగానే సంతలకు మాత్రం బయలుదేరేది. ఆ విత్తనం ఇంకా ఎక్కడో ఒకచోట మొలుస్తూనే ఉందని ఆమె నమ్మకం. చాదస్తమని నేనూ అన్నాను. కానీ ఆ రోజు కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు పలక పట్టుకుని బడికి పోతోంది. ఆ పిల్లను చూసినప్పుడల్లా ఆ కంచం ఎగిరిపడ్డ చప్పుడు నాకు వినిపిస్తుంది. అత్తకు నేను దణ్ణం పెట్టాల్సింది అందుకే.

ఆమె చివరిగా వెళ్లింది నది అవతల సంతకట, మిట్టమధ్యాహ్నం ఎండలో. దినకర్మ అయ్యాక సంత రోజు చూసుకుని నేను అక్కడ బస్సు దిగాను. గోనెపట్టా మీద లేత సొరకాయలు పేర్చుకుని ఒకామె కూర్చుని ఉంది. ఏ ఊరి కాయలని అడిగాను. విత్తనం ఎవరో చుట్టాలు ఇచ్చారంది. ఒక ముక్క కోసివ్వమంటే నన్ను పైనుంచి కిందికి చూసింది.

“ఆ ముసలామె మనిషివా? మొన్న వస్తనని రాలే. ఈ తీగ కాయ ఇయ్యాల్నే తొలిసారి దెచ్చిన” అంటూ కాయ కోసి, కత్తి కొసకు గుచ్చి నాకు అందించింది. ముక్క తెల్లగా, తడిగా ఉంది. పక్కన ఒక చిన్నది అప్పుడే అదే కాయలో రెండో చెక్క అందుకోబోతోంది. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపి, ముక్క నా నాలుక మీద పెట్టుకున్నాను.