అయస్కాంతానికి అంటని ముక్క

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో అగ్ని ఉంది, ఆయుధం ఉంది, ఆ ఆయుధం విరగడం ఉంది, ఒక వీధి మొత్తం పండుగ ప్రమాదంలో పడటం కూడా ఉంది. పద్దెనిమిది పర్వాలు రాద్దామనే కూర్చున్నాను. తీరా చూస్తే జరిగిందంతా మా బర్రెల కొట్టంలో, ఒక్క మధ్యాహ్నంలో. శత్రుపక్షం కూడా నేనే. అందుకని ఒకటి రెండు కాగితాలతో సరిపెడుతున్నాను.

పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో, జడ్చర్లలో మూతపడిన ఒక వర్క్‌షాపు నుంచి ఇనుమును తిప్పుతూ చెక్కే పాత చిన్న లేత్ మిషన్ కొని మా ఊరు కట్టంగూరు తెచ్చాను. వేరే జాగా లేక కొట్టంలో సగం ఆక్రమించాను. మిగతా సగంలో ఉన్న రెండు బర్రెలు నా పనితనం మీద ఏమీ అనేవి కావు. ఆ లోటు మా బాపు తీర్చేవాడు. "పాలిచ్చేదాన్ని పక్కకు జరిపి, నూనె తాగేదాన్ని కట్టేసిండు మావోడు" అని దారిన పోయేవాళ్లకు నన్ను పరిచయం చేసేవాడు.

లేత్ అమ్మిన రోజు యూసుఫ్ భాయ్ నా చేతిలో రెండు బూడిద రంగు ముక్కలు పెట్టాడు. ఒక్కొక్కటి చిటికెన వేలంత ఉంటుంది. "ఇది కోబాల్ట్‌ల క్రోమియం కలిపిన పోత ముక్క తమ్మీ. ఇనుము కాదు, అయస్కాంతం అంటదు. గట్టి లోహం కోసేటప్పుడు మొన ఎర్రగైనా మెత్తబడది, కోస్తనే ఉంటది. గని ఒక్క మాట యాది పెట్టుకో..."

ఇంతలో ట్రాలీ ఆటోవాడు హారన్ కొట్టాడు. నేను ఎక్కేశాను. ఆ ఒక్క మాట జడ్చర్లలోనే ఉండిపోయింది. అయినా డిప్లొమా ఉన్నవాడికి మాటలెందుకు?

అనసూయత్తకు మా వీధిలో పిండి గిర్ని ఉంది. మామ పోయిన తర్వాత ఆ ఇంటిని నిలబెట్టింది అదే. సరిగ్గా సద్దుల బతుకమ్మకు ముందు రోజు రాయిని తిప్పే షాఫ్టు అరిగిపోయి గిర్ని ఆగింది. అత్త వెల్డింగు షాపులో అరిగిన చోట లోహం పోయించి, ఆ బుడిపెల షాఫ్టును నా దగ్గరికి మోయించుకొచ్చింది. దాన్ని లేత్ మీద తిప్పి, నున్నగా, కొలతకు కోయాలి.

"సీనూ, పొద్దుమూకేలోపల గిర్ని తిరగాలె. లేకుంటె నా గిరాకంత నకిరేకల్ పోతది. ఒక్కపారి పోయిన గిరాకి మళ్ల నా మొకం చూడదు బిడ్డా."

"నేనున్న గద అత్తా. ఫికర్ చెయ్యకు."

పాఠకులకు చిన్న మనవి. "నేనున్న గద" అనే మాట ఎవరి నోటెంట విన్నా, చెప్పులు వేసుకునే దాకా కూడా ఆగకండి.

షాఫ్టు వెనకే వీధి వీధంతా వచ్చింది. గిర్ని దగ్గర పట్టుకున్న వరుస ఎక్కడ పోతుందోనని ఆడవాళ్లు మక్కల డబ్బాలు, బియ్యం గంపలతో సహా మా కొట్టంలో అదే వరుసలో కూర్చున్నారు. అందరికంటే ముందు అనసూయత్త సొంత బియ్యం, పెద్ద తాంబాళం నిండా. గడప పక్కన బ్రహ్మయ్య తాత. ముప్పై ఏళ్లు కొలిమి నడిపిన మనిషి. అంగీ జేబులో పాత స్పీకరు అయస్కాంతం లేకుండా బయటికి రాడు.

లోహాన్ని కోసే మామూలు ఉక్కు మొన, టూల్ బిట్‌తో మొదలుపెట్టాను. వెల్డింగు గట్టిదనానికి అది నీలంగా మారి, తాత పన్నులాగా మొద్దుబారింది. అప్పుడు, పెళ్లిచూపుల్లో పిల్లను చూపించినంత నెమ్మదిగా, కోబాల్ట్ ముక్క మూట విప్పాను.

"తాతా, నీ అయస్కాంతం పెట్టి చూడు."

పెట్టాడు. అంటలేదు.

"నకిలీది" అన్నాడు బాపు.

"అసలుదే గిట్లుంటది బాపూ! దీన్ని అయస్కాంతం గూడ ముట్టలేదు. ఎర్రగైనా దీనికేం గాదు."

ముక్కను లేత్‌కు బిగించి, నిరూపించడానికి మిషన్ వేగం పెంచాను. అవసరమా అంటే కాదు. కానీ చూసేవాళ్లు పదిహేను మంది ఉన్నప్పుడు అవసరాల సంగతి ఎవరు చూస్తారు? మొన ఎర్రబడింది. ఎర్రగా ఉంటూనే కోస్తోంది! బర్రె కూడా నెమరు ఆపింది.

"ఆపు, ఆపు!" అరిచాడు తాత. "ఎర్రగైనంక నీళ్లు తాగించాలెరా. లేకుంటె పదును పోతది."

"తాతా, ఇది ఇనుము కాదు."

"నీ తాతల నాటి నుంచి నీళ్లు తాగని పనిముట్టు ఉన్నదా? గింత తెల్వదా? ఏం సదివినవ్?"

పదిహేను మంది నా వైపు చూశారు. చదువు మీద మాట పడింది. మిషన్ ఆపాను. చేతికందిన చెంబును పక్కనున్న గోలెం తొట్టిలో ముంచాను. గోలెంలో ఉన్నది బర్రెల కుడితి. అదే ఎర్రటి మొన మీద అభిషేకం చేశాను. "చుంయ్" అని పొగ లేచింది. దాని వెనకే సన్నగా "టిక్" అని ఇంకో చప్పుడు. అది నేను పట్టించుకోలేదు. అప్పటికి నేను ఆడవాళ్ల వైపు తిరిగి నవ్వుతున్నాను. కుడితిలో ఎలుక పడిందని సామెతలో చదివాను; డిప్లొమా పడటం అదే మొదటిసారి.

మళ్లీ మిషన్ తిప్పి ముక్కను షాఫ్టుకు ఆనించానో లేదో, మొన టప్పున విరిగి ఎగిరింది. నా చెవి పక్కగా పోయి, అత్త బియ్యం తాంబాళంలో పడి మాయమైంది. నూకంత ముక్క.

"నా బియ్యంల పడ్డదిరో!" అత్త లేచి నిలబడింది. "గిర్ని రాయి నడుమ పడితె రాయి పోతది. పిండిల పోతె ఎవల పన్ను పోతదో!"

"ఆగు, నా తాన అయస్కాంతం ఉన్నది" అని తాత బియ్యంలో చెయ్యి పెట్టాడు. ఒక సూది వచ్చింది. తుప్పు పట్టిన మేకు వచ్చింది. మా ముక్క రాలేదు.

"అంటదు తాతా" అన్నాను.

"ఎందుకంటదు?"

"ఇందాక చెప్పిన గద" అన్నాను, ఇందాకటి జోరు లేకుండా.

జల్లెడ పడదామంటే, ముక్క నూకలతో దిగుతుందో, బియ్యంలోనే నిలుస్తుందో తెలియదు. చివరికి అత్తే రెండు గిన్నెలు, బిందెడు నీళ్లు నా ముందు పెట్టింది. "గాలించు. బరువుది అడుగున ఉంటది, బియ్యం ముందు జారుతయి. డిప్లొమాల గిది చెప్పలేదా?"

గాలించాను. వరుసలో ఉన్నవాళ్లంతా నా మణికట్టు తిరిగే తీరును తప్పుపడుతుండగా, తాంబాళమంతా గాలించాను. చివరి గిన్నె అడుగున "టంగు" మంది. అత్త దాన్ని రెండు వేళ్లతో ఎత్తి వెలుతురులో చూసింది.

"ఇనుము కాదన్నవ్. అయస్కాంతం ముట్టదన్నవ్. ఎర్రగైనా ఏం గాదన్నవ్. గింత కుడితికి సచ్చిందేందిరా?"

యూసుఫ్ భాయ్‌కి ఫోన్ చేశాను. "భాయ్, ఆ రోజు చెప్పబోయిన ఒక్క మాట ఏంది?"

"నీళ్లు పొయ్యకు, పగుల్తది అని. ఎందుకు, పోసినవా?"

"లేదు భాయ్" అన్నాను. పోసింది కుడితి. అబద్ధం చెప్పానని ఎవరూ అనలేరు.

రెండో ముక్క బిగించి, వేగం తగ్గించి, నోరు మూసుకుని కోశాను. పొద్దుమూకే వేళకు గిర్ని తిరిగింది. గిరాకీ నకిరేకల్ పోలేదు. తడిసిన బియ్యం అరిసెలకు పనికొచ్చాయి. కానీ దసరా పోయి నెల దాటినా, మా వీధిలో ఎవరి అన్నంలో రాయి తగిలినా "సీను ముక్క" అనే పిలిచారు. మా ఇంట్లో కూడా.

ఆ సాయంత్రం గోలెం మీద చెయ్యి వేసి, రెండు బర్రెల సాక్షిగా ప్రమాణం చేశాను. ఎవరైనా "ఒక్క మాట" అంటే కదిలే బండి దిగైనా వింటాను. బియ్యం ఉన్న చోట లోహం కోయను. ఈ జన్మలో ఏ పనిముట్టుకూ కుడితి తాగించను.

రెండో ముక్క ఇప్పటికీ నా దగ్గర ఉంది. అప్పుడప్పుడు ఎర్రబడుతుంది. మిషన్ ఆపి ఊరికే కూర్చుంటాను. పది నిమిషాల్లో అదే చల్లారుతుంది.