గాలిమోటరు కాడి ఇస్తారాకు

మా అబ్బాజాన్ చెబితే వినే మనిషి కాదు. షుగర్ ఉంది, మోకాళ్లు అరిగిపోయాయి, కొండ ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు, నేను చెప్పాను, అమ్మ ఉన్నన్నాళ్లూ చెప్పింది. అన్నిటికీ అవ్ అవ్ అని తలూపడం, తన పని తాను చేసుకుపోవడం. అందుకే పోయినేడు, కొత్త పంట తినే కొత్తల పండుగకు చర్ల అవతలి అడవి పల్లెకు ఆయన బయల్దేరితే నేనూ వెంటపడ్డాను.

ఆ పల్లెతో మాకు చుట్టరికం కలిపింది ఒక విమానం. మా తాత ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి పూసేవాడు. ఆయన వయసులో ఉండగా ఒక వానాకాలం, ప్రయాణికుల విమానం మబ్బుల్లో దారి తప్పి పల్లె వెనక కొండను గుద్దుకుంది. ఒక్కరూ మిగల్లేదు. పల్లెవాళ్లు వెదురు తడకల మీద శవాలను కిందికి మోశారు. ఆ రోజు అక్కడే పనిలో ఉన్న తాత కూడా భుజం పట్టాడు. పోయినవాళ్లది ఏ ఊరో, ఏ మతమో ఎవరికీ తెలియదు. మన కొండ మీద పోయారు కాబట్టి మనవాళ్లే అన్నారు పల్లె పెద్దలు. అప్పటి నుంచి కొత్తల పండుగనాడు కొత్త కొర్రల అన్నం, బెల్లం ఇస్తారాకులో పెట్టి, కొండ మీద విమానం రెక్క ముక్క మిగిలిన బండ దగ్గర ఉంచి వస్తారు. ఆకు పెట్టేదాకా ఊళ్లో ఎవరూ ఎంగిలిపడరు. పెట్టాక ఆ ఆకును బతికున్నవాళ్లు ముట్టరు. ఉన్నన్నాళ్లూ తాత వెళ్లి అక్కడ పోయినవాళ్ల కోసం ఫాతిహా చదివాడు, ఆయన తర్వాత అబ్బాజాన్.

ఈసారి ఆకు పల్లె మగవాళ్లు పట్టుకెళ్లాలని, అబ్బాజాన్ కిందే కూర్చుని చదువుకోవాలని ఒప్పించాను. పొద్దున లేవగానే ఆయన అలవాటుగా ఇన్సులిన్ సూది వేసుకున్నాడు. పండుగ పస్తు సంగతి గుర్తొచ్చి నేను వద్దనేలోపే అయిపోయింది. ఏమన్నా తినమంటే ఊరు తినందే తినను పొమ్మన్నాడు. వాన తెరిపి ఇవ్వక మగవాళ్లు ఇళ్లలోనే ఆగిపోయారు.

"వాగు దాకా పొయ్యొస్త బిడ్డా" అని గొడుగు తీశాడు.

"వాగు దాకా అంటే వాగు దాకనే" అన్నాను.

అవ్ అన్నాడు.

చాలాసేపటికి ఫోన్ మోగింది. గరగర మధ్య వినబడింది రెండు ముక్కలే: "మోటర్ కాడ కూలబడ్డ... కండ్లు తిరుగుతున్నయ్." తెగిపోయింది. తిరిగి చేస్తే కలవలేదు.

సూది వేసుకుని ఏమీ తినని మనిషి. తొందరగా ఇంత తీపి నోట్లో పడకపోతే దక్కడు. పొలాల మోటర్లన్నీ వాగు ఒడ్డునే ఉన్నాయి. మగవాళ్లు అటే పరుగెత్తారు, వాళ్ల వెనక నేను. మొదటి మోటరు కొట్టంలో లేడు. పక్కదాన్లోనూ లేడు. ఆ తర్వాతి కొట్టం మునిగి, పైకప్పు రేకు మాత్రం ఎర్రనీళ్ల మీద కనబడుతోంది. అక్కడ నిలబడి గొంతు పోయేలా పిలిచాను. దొరికితే నేనే చంపుతాను అనుకున్నాను, వెంటనే నా మాటకు నేనే భయపడ్డాను.

అప్పుడు అత్త తడుస్తూ వచ్చింది. అత్తంటే మేము ఎప్పుడూ దిగే ఇంటి పెద్దామె, అబ్బాజాన్‌ను అన్న అని పిలుస్తుంది.

"కట్టిపెట్టిన ఆకు ఇంట్ల లేదు బిడ్డా. అన్న పట్కపోయిండు. ఫోన్ల ఏమన్నడు?"

"మోటర్ కాడ ఉన్న అన్నడు అత్తా."

"ఏ మోటర్? గాలిమోటరా?"

వాళ్ల తరానికి విమానమంటే గాలిమోటరు. ఇప్పటివాళ్లంతా విమానం బండ అంటారు. ఆ చోటును ఇంకా మోటర్ అనేది అత్త, అబ్బాజాన్ ఇద్దరే. మేము ఇంతసేపూ కొండకు వీపు పెట్టి వెతికాం.

అత్తతో కలిసి అందరం కొండ ఎక్కుతున్నంతసేపూ ఆ ఆకులోని బెల్లమే నా కళ్లలో ఆడింది. ఆయన దగ్గర తీపి ఉంది. కానీ అది చచ్చినవాళ్ల ఆకు. ఊరి కట్టుబాటు తప్పి దాన్ని ముట్టే మనిషి కాదు, ఎదురుగా పెట్టుకుని ప్రాణమైనా వదులుతాడు. మబ్బు కిందికి దిగి, ముందు నడిచే మనిషి వీపు కూడా కనబడడం లేదు. ఆ విమానం నడిపినవాడికి కూడా కొండ ఇలాగే కనబడకుండా పోయి ఉంటుంది.

రెక్క ముక్క కింద ముడుచుకుని కూర్చున్నాడు. ఒళ్లంతా వణుకు, చెమట, అయినా కళ్లు తెరిచే ఉన్నాయి. అత్త కొంగున కట్టి తెచ్చిన చక్కెర నోట్లో పోశాను. ఆయన ముందు బండ మీద తువ్వాలు పరిచి ఉంది. తీయబోతే చేయి అడ్డం పెట్టాడు. లాగేశాను. కింద ఆకు ఖాళీగా ఉంది.

"తిన్న చెల్లె" అన్నాడు, నా వైపు చూడకుండా. "పెట్టినంక తిన్న. చచ్చినోళ్ల కూడు. మీ ఊరికి ఏమన్న అయితే ఆ పాపం నాదే."

ఏడుస్తున్నాడు. అమ్మ పోయిననాడు కూడా ఆయన అలా ఏడవలేదు. మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఊరంతా పస్తుండి ఎదురుచూస్తున్న ఆకు అది. ఎవరేమంటారోనని ఆయనకు అడ్డంగా జరిగాను.

అత్త వంగి ఆకు చేతిలోకి తీసుకుంది.

"ఇన్నేండ్ల సంది మనం పెట్టినం. ఒక్కపూట వాళ్లు పెట్టిండ్రు. ఇంటికొచ్చిన మనిషిని ఉపాసం పంపుతరా అన్నా?"

ఆకుకు అంటుకున్న కొర్ర మెతుకు ఒకటి గిల్లి తన నోట్లో వేసుకుంది.

"ఇగ నడువుండ్రి. ఊరంత ఆకలితోటి ఉన్నది."